పద్నాలుగో నంబరు దేవుడు

తెల్లారకముందే వచ్చి నిలబడతాయి కార్లు,
పరవాడ దాటాక, మూతపడిన కంటైనర్ యార్డులో.
సముద్రం కనబడదు గానీ
బానెట్ మీద వేలు రాసి నాలిక్కి తాకిస్తే
ఉప్పు.

నా దగ్గరొక టార్చి, ఒక టార్క్ రెంచి,
పళ్ళ డాక్టరు దగ్గరుండేలాంటి బుల్లి అద్దం,
ముప్పై ఒక్కేళ్ళు పోర్టులో
క్రేన్ల బ్రేకులు చూసిన రెండు చెవులు.
బ్రేకుని కళ్ళతో చూస్తారనుకుంటారు.
కాదు బాబూ, వింటారు.

జాకీ వేసి చక్రాన్ని గాల్లోకి లేపమంటాను.
పన్నెండు మీదా ఆరు మీదా చేతులేసి ఊపుతాను.
పాలపన్నులా కదిలిందంటే
బేరింగు సెలవడుగుతోందని.
యాక్సిలరేటర్ నొక్కి వదుల్తాను,
వదిలీ వదలగానే వెనక్కి రావాలి,
అలిగి అక్కడే కూర్చోకూడదు.
బ్రేకు నూనె
తేనె రంగయితే సరే, డికాక్షనయితే ఇంటికి.

అసలు తగువు ఆ తర్వాత.
కారులో ఊడి ఎగిరేదేదీ ఉండకూడదంటాను.
నీళ్ళ సీసా తీస్తారు, చార్జర్ తీస్తారు,
సీటు కింద చెల్లెలి జడక్లిప్పు,
ఎప్పుడో బీచి రోడ్డులో తిని పడెయ్యని మొక్కజొన్న కండె.
డాష్‌బోర్డు మీద దేవుడి దగ్గరికొచ్చేసరికి
చేతులాగిపోతాయి.
"ఆయనే కదా అంకుల్ కాపాడేది?"
"కాపాడతాడు. నూట ఇరవైలో నువ్వు బ్రేకేస్తే
నువ్వాగుతావు, ఆయనాగడు.
తిన్నగా నీ నుదుటికే వస్తాడు."

అలా నా మడత బల్ల మీద
ఎనిమిది గంటలకల్లా కొలువు తీరతారు
సింహాద్రి అప్పన్నలు ఇద్దరు, కనకమాలక్ష్మి,
రాస్‌హిల్ మరియమ్మ, దర్గాకొండ తాయెత్తు,
మెడకి స్ప్రింగున్న గణపతి.
ఒక్కొక్కరికీ దారం కట్టి కారు నంబరు చీటీ.
గణపతిది పద్నాలుగు.

పద్నాలుగంటే పాత ఎస్టీమ్, కొత్త రంగు.
బొడ్డేటి లోహిత్, ఇరవై రెండేళ్ళు,
రాత్రి నిద్రపోని కళ్ళు.
హెల్మెట్ సరే. బెల్టు సరే.
వెల్లకిలా దూరి టార్చి వేశాను.
ముందు ఎడమ చక్రాన్ని పట్టుకున్న కింది ఆర్మ్ మీద
నల్లరంగు నున్నగా, పుండు మీద పౌడరులా.
స్క్రూడ్రైవర్ ఆనించానో లేదో
అప్పడంలా విరిగి నా చెంప మీద రాలింది.
సముద్రం అక్కడ కూర్చుని తింటోంది,
చప్పుడు చెయ్యకుండా, ఎన్ని వానాకాలాలుగానో.

"ఇవాళ వద్దు," అన్నాను.
అరిచుంటే బావుండేది. అరవలేదు.
"మొన్ననే రంగేయించాను సార్,"
పదకొండు నెలల జీతం కూడబెట్టిన గొంతు.
పక్కనున్న స్నేహితుడు మాత్రం
ముసలాయనకి చత్వారం అన్నాడు.
నిజమే. అందుకే వేలితో చూస్తాను.

రోజంతా ఏమీ జరగలేదు.
ఈ పనితో చిక్కే అది,
ఊడని చక్రానికి సాక్షి ఉండడు.
లోహిత్ టైర్ల గుట్ట మీద కూర్చుని
వేరేవాళ్ళ పొగలో
తన ఇరవై నిమిషాలు దాటిపోవడం చూశాడు.
తప్పు చెప్పానేమోనని
నేనే రెండుసార్లు వెళ్ళి ఆ ఇనుము మళ్ళీ గీకొచ్చాను.
పోర్టులో ఒక్కసారి "రేపు చూద్దాంలే" అన్నాను.
దాని గురించి ఇక్కడ రాయను.

సాయంత్రం ఎవరి దేవుణ్ణి వాళ్ళు పట్టుకుపోయారు,
చీటీ తెంపి, కళ్ళకద్దుకుని.
ట్రాలీ మీద ఎస్టీమ్ వెళ్ళిపోయాక చూద్దును కదా
బల్ల మీద గణపతి ఒక్కడే,
గాలికి తలూపుతున్నాడు,
ఔనో కాదో తేల్చకుండా.

చొక్కా జేబులో వేసుకున్నాను.
గాజువాక బస్సులో ముందు సీటు దొరికింది.
డ్రైవరు ఎదుట ఒక ఆంజనేయుడు.
చెయ్యాగలేదు, బొటనవేలితో నొక్కి చూశాను.
ఊగాడు.
"గమ్మెండిపోయింది తమ్ముడూ," అన్నాను.
అతను నన్నూ,
నా జేబులోంచి తొంగిచూస్తున్న తొండాన్నీ
ఒకసారి చూసి, ఏమీ అనలేదు.
కూర్మన్నపాలెం దాకా ఎందుకో
మెల్లగానే నడిపాడు.